వసంతం అనే మాట మీద కాపీ కేసు

రెండువేల మూడు, మార్చి నెల. రాజమండ్రి నుంచి మండపేట వెళ్ళే దారిలో చుట్టూ దాళ్వా వరిచేలు, వెనక రైసుమిల్లు గొట్టం, మధ్యలో మా డిగ్రీ కాలేజీ. ప్రైవేటుది. పేరు చెప్పను. చెబితే నొచ్చుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు నొచ్చుకుంటే నాకు సంతోషమే గానీ, ఈ వయసులో కొత్త గొడవలెందుకని ఊరుకుంటున్నాను. అప్పటికి పదకొండేళ్ళుగా నేను అక్కడ ఫ్రెంచి లెక్చరర్ని.

గోదావరి జిల్లాలో ఫ్రెంచి ఏంటి అని మీకు అనుమానం రావచ్చు. మాది యానాం. మా నాన్నగారు ఫ్రెంచివాళ్ళ హయాంలో బడిపంతులు. ఇంట్లో పప్పుచారుతో పాటు ఫ్రెంచి కూడా కలుపుకుని పెరిగాను. ఇక మా పిల్లలు ఫ్రెంచి ఎందుకు తీసుకునేవారంటే, ఆ భాష మీద ప్రేమతో కాదు, మార్కుల కోసం. సెకండ్ లాంగ్వేజిగా తెలుగు తీసుకుంటే పద్యాలకి ప్రతిపదార్థం రాయాలి. ఫ్రెంచి తీసుకుంటే పెద్ద ప్రశ్నలకి జవాబు ఇంగ్లీషులోనే రాసుకోవచ్చు. నోట్సు బట్టీ పడితే తొంభై ఖాయం. నేనూ దానికి తగ్గ దాన్నే. క్లాసుకి వెళ్ళడం, కుర్చీలో కూర్చోవడం, నోట్సు తెరిచి డిక్టేషన్ ఇవ్వడం. నా సబ్జెక్టులో తప్పినవాళ్ళు లేరని యాజమాన్యం నన్ను నెత్తిన పెట్టుకునేది.

మాది అటానమస్ కాలేజీ. అంటే ప్రశ్నపత్రం మేమే తయారుచేసుకుంటాం, పరీక్ష మేమే పెడతాం. పేపర్లు మాత్రం బయటి కాలేజీ లెక్చరర్ ఒకరు దిద్దుతారు. ఆయన దారి తప్పకుండా ప్రశ్నపత్రంతో పాటు 'కీ' పంపిస్తాం. ఏ ప్రశ్నకి ఏ జవాబు, ఏ ముక్కకి ఎన్ని మార్కులు అని రాసి ఉండే కాగితం అది. నా సబ్జెక్టుకి కీ నేనే రాసేదాన్ని. నా నోట్సే నా కీ.

రెండో సంవత్సరం పేపర్లో ఏటా వచ్చే ప్రశ్న ఒకటుంది. వసంతాన్ని చెప్పే లాటిన్ మాట దాని బిడ్డ భాషల్లో ఎలా మారిందో రాయండి, పది మార్కులు. లాటిన్‌లో వసంతాన్ని 'వేర్' అంటారు. మన చెట్టు వేరుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. తొలి వసంతం అనే అర్థంలో దాని ముందు 'ప్రిమా' చేరి 'ప్రిమావేరా' అయింది. ఇటాలియన్లకీ స్పెయిన్ వాళ్ళకీ పోర్చుగీసులకీ ఇవాళ్టికీ వసంతం అంటే ప్రిమావేరాయే. ఇంతవరకూ నా నోట్సు సరిగ్గానే ఉంది. ఆ తర్వాత నేను చెప్పిన వాక్యం ఇది: ఆ ప్రిమావేరాయే అరిగి అరిగి ఫ్రెంచిలో 'ప్రేంతాఁ' అయింది. ఎక్కడ చదివానో గుర్తులేదు. చదివానో, ఊహించానో కూడా గుర్తులేదు. పదకొండు బ్యాచ్‌లకి పదకొండుసార్లు ధీమాగా చెప్పాను.

ఆ మార్చిలో ఒక గురువారం పరీక్షల కంట్రోలర్ గారు నన్ను తన గదికి పిలిపించారు. కంట్రోలర్ అంటే పరీక్షల వ్యవహారమంతా నడిపే పెద్ద. ఆయన కామర్స్ మాస్టారు. తెల్లచొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. బల్ల మీద ఒక జవాబు పత్రం ఉంది, మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో 'కాపీ అనుమానం' అని ఉంది.

"మేడం గారూ, ఒకసారి ఇది చూడండి. దిద్దినాయన పంపించారు. అందరూ పద్నాలుగు లైన్లు రాస్తే ఈ అమ్మాయి రెండున్నర పేజీలు రాసిందండి. అడిషనల్ షీట్ కూడా అడిగి తీసుకుంది. ఇందులో ఉన్నదంతా మీ నోట్సులో ఉందాండీ?"

చదివాను. సుగుణ అనే బీకాం పిల్ల రాసింది. వసంతాన్ని చెప్పిన వేర్ అనే మాట స్పెయిన్‌లో మెల్లగా జరిగి జరిగి వేసవిలోకి వెళ్ళిపోయిందనీ, అక్కడ వేసవిని 'వెరానో' అంటారనీ, ఆ మాట ఎండల్లోకి పోతే వసంతానికి ప్రిమావేరా మిగిలిందనీ రాసింది. మా ఊళ్ళోనూ వసంతం క్యాలెండర్లోనే ఉంటుంది, ఉగాది నాటికే గొడుగు లేకుండా బయటికి వెళ్ళలేం, అందుకని ఆ మాట ఎందుకు జరిగిందో నాకు తేలిగ్గా అర్థమైంది అని కూడా రాసింది. అక్కడిదాకా ముచ్చటగానే ఉంది. ఆ తర్వాతి వాక్యం చూసేసరికి నా ఒళ్ళు మండింది. 'ఫ్రెంచి ప్రేంతాఁ ఈ కుటుంబంలోది కాదు. దాని తోకలో ఉన్నది వేర్ కాదు, కాలం అని అర్థమిచ్చే తెంపుస్. తొలికాలం అని దాని అర్థం. క్లాసులో చెప్పినది సరికాదనుకుంటాను.'

సరికాదట! అనుకుంటుందట! యానాంలో పుట్టిన నాకు!

"నోట్సులో లేదండీ," అన్నాను.

"మరి మీరు క్లాసులో నోటితో ఏమైనా చెప్పారాండీ?"

"ఇలాంటివి నేను చెప్పలేదు."

"అయితే ఇంకేంటండీ, కాపీయే కదా. స్లిప్పు దొరకలేదంటారా, మింగేసి ఉంటుంది. మనం చూడని పిల్లలా? ఇక్కడ ఒక సంతకం పెట్టండి."

'ఈ జవాబులోని విషయం తరగతిలో బోధించబడలేదు' అని టైపు చేసి ఉంది. అది నిజమే కదా అని సంతకం పెట్టాను. ఆ కాగితం దేనికి వాడతారో నాకు తెలియదని మాత్రం ఇప్పుడు అబద్ధం చెప్పను. తెలుసు. మా కాలేజీలో మండలానికొకరికి చొప్పున మెరిట్ మీద ఉచిత సీటు ఇచ్చేవారు. సుగుణది ఆ సీటు. మాల్‌ప్రాక్టీస్ కేసు, అంటే పరీక్షలో మోసం చేసినట్టు కేసు రుజువైతే ఆ సీటు పోతుంది. సీటు పోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. అన్నీ తెలిసే, నా నోట్సుని తప్పుబట్టిందన్న ఉక్రోషంతో పెట్టాను.

శుక్రవారం పొద్దున్నకల్లా నోటీసు బోర్డులో పిల్ల పేరు పెట్టేశారు. విచారణ సోమవారమైతే పేరు శుక్రవారమే! రుజువు కాకముందే బోర్డుకెక్కించడం ఏ ఊరి న్యాయమో! ఆ బోర్డు దగ్గర మగపిల్లలు గుంపుగా నిలబడి చదువుతుంటే, ఆ గుంపు పక్కనుంచే ఆ పిల్ల పుస్తకాలు గుండెకి హత్తుకుని క్లాసుకి వెళ్ళింది. నాకు కనబడింది. నేను తలతిప్పుకుని స్టాఫ్ రూములోకి పోయాను.

ఆదివారం యానాం వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక, నాన్నగారి బీరువాలోంచి మాటల పుట్టుక చెప్పే లావుపాటి ఫ్రెంచి నిఘంటువు దింపాను. ఎందుకు దింపానంటే ఆ పిల్ల తప్పు రాసిందని తేల్చుకోవడానికే. ఆ పేజీ తీశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ప్రేంతాఁలో ఉన్నది తెంపుసే, తొలికాలమే. ప్రిమావేరాకి పుట్టిన మాట పాత ఫ్రెంచిలో ఒకటి ఉండేదట, దాన్ని ఈ తొలికాలం పక్కకి నెట్టేసిందట. ఇప్పుడది 'ప్రిమ్‌వేర్' అనే చిన్న పువ్వు పేరులో మాత్రం బతుకుతోంది. రుమేనియావాళ్ళు కూడా వేసవిని 'వర' అంటారనీ, అదీ ఈ వేర్ బిడ్డేననీ ఉంది. అంటే పిల్ల రాసిన ప్రతి ముక్కా నిజం. పదకొండేళ్ళుగా నేను చెప్పిందే తప్పు. ఆ పుస్తకం పదకొండేళ్ళూ మా ఇంట్లోనే ఉంది, నేనొక్కసారి తెరిచిన పాపాన పోలేదు.

సోమవారం విచారణకి ముందే సుగుణ, వాళ్ళమ్మ కరుణమ్మ స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. కరుణమ్మ ఊరి చివర కాన్వెంటులో వంటమనిషి. చేతులకి ఇంకా పసుపు మరకలున్నాయి, పొయ్యి దగ్గర్నుంచి తిన్నగా వచ్చినట్టుంది.

"మా పిల్ల దొంగపని చెయ్యదండీ," అంది నన్ను చూడగానే. "ఆయ్, చిన్నప్పుడు సిస్టర్లు ఇచ్చిన బిస్కెట్టు కూడా నన్నడిగే తినేదండీ."

"సుగుణా, నువ్వు రాసిందంతా ఎక్కడిది?" అన్నాను.

"కాన్వెంటు వంటింట్లోదండి," అంది.

ఆ కాన్వెంటులో ఇటలీ నుంచి వచ్చిన క్లారా అనే సిస్టర్, స్పెయిన్ నుంచి వచ్చిన పిలార్ అనే సిస్టర్ ఉన్నారు. ఇద్దరూ ముసలివాళ్ళే. సెలవు రోజుల్లో సుగుణ తల్లికి సాయంగా కూరలు తరుగుతుంటే వాళ్ళు అక్కడే కూర్చుని కబుర్లాడేవారు. పోయినేడు మార్చి ఎండకి పిలార్ సిస్టర్ విసనకర్ర ఊపుకుంటూ "బెరానో, బెరానో" అని గోలపెట్టేదట. స్పెయిన్‌వాళ్ళు వకారాన్ని అలా పలుకుతారు. మా ఊళ్ళో ఇది ప్రిమావేరా అని క్లారా సిస్టర్ దెప్పేదట. ఈ పిల్ల దోసకాయ తరగడం ఆపి, ఆ మాటలో ఉన్న వేరా, ఈ మాటలో ఉన్న బెరా ఒకటేనా అని అడిగింది. ఇద్దరికీ తెలియలేదు. అక్కడికి పూజ చెప్పడానికి వచ్చే పెద్ద ఫాదర్ గారు మన తెలుగాయనే, కుర్రతనంలో లాటిన్ చదువుకున్నారు. ఆ తర్వాత ఆయన కాఫీకి వచ్చినప్పుడు ఆయన్ని అడిగింది. మరి ఫ్రెంచి మాట సంగతేంటి అని కూడా ఆయన్నే అడిగింది.

యానాం నుంచి తెచ్చిన నిఘంటువు చంకన పెట్టుకుని వాళ్ళిద్దరితో పాటు విచారణ గదికి నడిచాను.

విచారణ గదిలో ప్రిన్సిపాల్ గారు, కంట్రోలర్ గారు, నేను. ప్రిన్సిపాల్ గారు చాలా మంచివారు. ఎవరేమన్నా సరేననేవారు, ఆయనతో వచ్చిన చిక్కే అది. తల్లీ పిల్లా ఎదురుగా నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమని ఎవరూ అనలేదు. నేనే లేచి రెండు కుర్చీలు లాగాను. కరుణమ్మ కూర్చోనే లేదు.

సుగుణ నాతో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. కంట్రోలర్ గారు విని నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"బాగుందండీ కథ. వంటమనిషి కూతురికి లాటిన్ వచ్చిందంటే మనం నమ్మాలి. మా అబ్బాయికి కాన్వెంట్లో పదేళ్ళు చదివితే ఇంగ్లీషే సరిగ్గా రాలేదండీ!"

"మీ అబ్బాయి సంగతి మీ ఇంట్లో చూసుకోండి," అన్నాను. "ఈ అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. ఇదిగో నిఘంటువు. తప్పు నా నోట్సులో ఉంది."

ప్రిన్సిపాల్ గారు నిఘంటువుని తీసుకుని, తలకిందులుగా ఉందని గమనించి, తిప్పి, మళ్ళీ మూసేశారు.

"అదేంటి మేడం గారూ," అన్నారు కంట్రోలర్ గారు. "గురువారం సంతకం పెట్టి సోమవారం మాట మారిస్తే ఎలాగండీ? నిజమా అబద్ధమా అని కాదండీ ఇక్కడ. కీలో లేనిది ఎలా రాసింది అన్నదే కేసు."

నిజమా అబద్ధమా అని కాదట! కాలేజీ గోడల మధ్య నిలబడి, జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, ఒక మాస్టారు అన్న మాట ఇది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాళ్ళని చూశాను గానీ, కుందేలుని ఎదురుగా పెట్టి కాళ్ళు లెక్కపెట్టుకోమన్నా పెట్టనంటే ఏం చెయ్యాలి?

"సరే, ఆ ప్రశ్నకి మిగతావాళ్ళు ఏం రాశారో చూద్దాం. కట్ట తెప్పించండి," అన్నాను.

అటెండరు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. సుగుణది కాక అరవై మూడు పేపర్లు. నేను ఒక్కొక్కటే ఆ జవాబు దగ్గర తెరిచి, ఆయన ముందు పెడుతూ పోయాను. అవే పద్నాలుగు లైన్లు. అదే మొదటి వాక్యం, అదే ఆఖరి వాక్యం. ప్రిమావేరా అరిగి ప్రేంతాఁ అయిందన్న నా తప్పు పొల్లు పోకుండా అరవై మూడు చోట్లా ఉంది. డిక్టేషన్ ఇస్తూ నేను పొరపాటున రెండుసార్లు చెప్పిన ఒక ముక్కని కొందరు రెండుసార్లే రాశారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? దిద్దినాయన అందరికీ పదికి పది వేశారు.

"ఇప్పుడు చెప్పండి. వీళ్ళు అరవై మూడుమందీ ఒకే జవాబు, ఒకే తప్పుతో సహా దింపారు. ఇది చదువూ, ఈ అమ్మాయి ఒక్కతీ సొంతంగా రాస్తే అది కాపీనా?"

కంట్రోలర్ గారు పెన్ను మూత తీశారు, పెట్టారు. చివరికి సుగుణ వైపు తిరిగి, "ఇవన్నీ నీకు చెప్పమని ఆ ఫాదర్ గారిని ఎవరడిగారు? నీకెందుకు చెప్పారు?" అన్నారు.

"నేను అడిగానండి," అంది సుగుణ.

అంతే అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, భయం కూడా పెద్దగా లేదు. అడగడం కూడా నేరమవుతుందని అప్పటికింకా పూర్తిగా నమ్మకం కుదరనట్టుంది.

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకుని కేసు మూసేద్దామన్నారు. మూసేద్దాం గానీ, అన్నారు కంట్రోలర్ గారు. "ఫైలు తెరిచాక అందులో ఏదో ఒక కాయితం ఉండాలి కదండీ. అమ్మాయి చేత ఒక క్షమాపణ పత్రం రాయించుకుందాం. మళ్ళీ ఇలా చెయ్యనని. సీటు పోదు, ఎవరికీ ఇబ్బంది లేదు."

తెల్లకాగితం సుగుణ ముందుకి తోశారు. కరుణమ్మ గబగబా వచ్చి పిల్ల భుజం మీద చెయ్యేసింది. "రాసెయ్యవే తల్లీ. నీ సీటు నిలబడుద్ది. మనకెందుకే పెద్దోళ్ళతో."

సుగుణ పెన్ను పట్టుకుంది. కాగితం వైపు చూసింది. తలెత్తి, "ఏం చేశానని రాయాలండీ?" అంది.

ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి అడగలేదు. నిజంగానే ఏం రాయాలో తెలియక అడిగింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని చూశాక నాకు సిగ్గో కోపమో తెలియని మంట పుట్టింది. ఆ కాగితం లాక్కున్నాను.

నేనే రాశాను. ఫ్రెంచి లెక్చరర్నైన నేను ఒక మాట పుట్టుకని పదకొండేళ్ళుగా తప్పుగా బోధించాననీ, ఆ తప్పునే కీలో పెట్టాననీ, దాన్ని గుర్తించిన విద్యార్థినిపై వచ్చిన అభియోగానికి ఉక్రోషంతో సంతకం చేశాననీ, ఇందుకు ఆ విద్యార్థినికి క్షమాపణ చెబుతున్నాననీ, యాజమాన్యం ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాననీ రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాను.

"ఇది ఫైల్లో ఎలా పెట్టమంటారండీ?" అన్నారు కంట్రోలర్ గారు. ఆయన ముఖం కందగడ్డైపోయింది.

"కాయితం ఉండాలన్నారుగా. ఉంది. నోటీసు బోర్డులో కూడా పెట్టండి, పిల్ల పేరు పెట్టిన చోటే."

బోర్డులో పెట్టలేదు. పిల్ల పేరున్న నోటీసు మాత్రం ఆ సాయంత్రం చించేశారు. చించేస్తే చదివినవాళ్ళ బుర్రల్లోంచి పోతుందా? పేపరు ఇంకొకరి చేత దిద్దించారు. ఆ జవాబుకి పదికి ఏడు వచ్చాయి. మూడు ఎందుకు తగ్గాయని అడిగితే కీ దాటి రాసింది కదా అన్నారు. తప్పు రాసిన అరవై మూడుమంది పదులూ పదులుగానే ఉన్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ రోజు విచారణ అయ్యాక వరండాలో కరుణమ్మ నాకు చేతులెత్తి దండం పెట్టబోయింది. వద్దని పట్టుకున్నాను. దండం పెట్టించుకునే పని నేనేం చేశాను గనక? పక్కన సుగుణ ముక్కు తుడుచుకుంటోంది. చనువుగా, కొంచెం నిష్ఠూరంగానే అన్నాను: "ఏమ్మా, నా నోట్సు తప్పని ఆ పరీక్ష పేపర్లో రాసే బదులు, ముందే నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

పిల్ల తల్లి వైపు చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. తర్వాత నెమ్మదిగా అంది:

"చెప్పడానికే లేచానండి, డిసెంబర్లో. మీరు డిక్టేషన్ ఇస్తున్నారండి. 'కూర్చోమ్మా, అదంతా పరీక్షకి రాదు' అన్నారండి."

నాకు గుర్తే లేదు. అదే ఇంకా దారుణం. అలా ఎంతమందిని కూర్చోబెట్టానో, వాళ్ళు ఏం చెప్పబోయారో నాకెప్పటికీ తెలియదు. కంట్రోలర్ గారిని తిట్టుకోవడం నాకు తేలిక, ఇవాళ్టికీ తిట్టుకుంటాను, ఆయన దానికి అర్హులే. కానీ ఆ పిల్లని దోషిని చేసిన వాటిల్లో మొదటిది ఆయన ఫైలు కాదు, నా డిక్టేషన్.

జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చింది. నోట్సు ఇంట్లో పడేసి ఖాళీ చేతులతో క్లాసుకి వెళ్ళాను. ఇక నుంచి డిక్టేషన్ లేదు, నేను చెప్పేదాంట్లో ఏదైనా తప్పనిపిస్తే అక్కడికక్కడే లేచి అడగండి, నేను సంతోషిస్తాను అన్నాను. అరవైమంది నిటారుగా, ఎంతో మర్యాదగా కూర్చున్నారు. ఆ వారమంతా అడిగాను, ఆ నెలంతా అడిగాను. ఒక్కరు నోరు విప్పలేదు. వాళ్ళనేం అనగలను? అడిగిన పిల్ల పేరు మార్చిలో ఎక్కడ కనిపించిందో కాలేజీలో అందరికీ తెలుసు.